గ్రాంటు వచ్చింది సరే, ల్యాబ్ నడిపేదెవరు?

ప్రశ్న: నేను ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో నెఫ్రాలజీ అసోసియేట్ ప్రొఫెసర్‌ని. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద మూడేళ్ళ ప్రాజెక్టుకి ఒక కేంద్ర సంస్థ గ్రాంటు ఇచ్చింది, కోటి రూపాయలకి కాస్త పైన. శాంక్షన్ లెటర్ వచ్చిన రోజు డిపార్ట్‌మెంటంతా స్వీట్లు పంచాను. ఎనిమిది నెలలైంది. ఓపీ, వార్డు, డయాలసిస్ యూనిట్ చూసుకునేసరికి సాయంత్రం ఆరవుతుంది. డీప్ ఫ్రీజర్ కొటేషన్ల ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది, పైలట్ నమూనాలు వేరే డిపార్ట్‌మెంట్ ఫ్రీజర్‌లో ఒక మూల పెట్టుకున్నాం. ఇద్దరు జేఆర్‌ఎఫ్‌లను (జూనియర్ రీసెర్చ్ ఫెలోలను) తీసుకుంటే ఒకమ్మాయి మూడు నెలలకే మానేసింది. ఉన్న అబ్బాయి ఏం అడిగినా "చేస్తున్నాను మేడమ్" అంటాడు, డేటా మాత్రం చూపించడు. హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారేమో "ముందు పేషెంట్లు, తర్వాతే నీ రీసెర్చ్" అంటారు, కానీ వచ్చే ప్రతి పేపర్లో తన పేరు ఉండాలంటారు. నాకు ల్యాబ్ నడిపిన అనుభవం లేదు. నా టెన్షన్ చూసి ఇంట్లో వాళ్ళు గ్రాంటు వెనక్కి ఇచ్చేయమంటున్నారు. ఇచ్చేయనా?

సమాధానం: డాక్టర్ గారూ, ఇవ్వకండి. ఎనిమిది నెలలకి ఫ్రీజర్ రాకపోవడం, ఇద్దర్లో ఒకరు వెళ్ళిపోవడం మన ప్రభుత్వ కాలేజీల్లో మొదటి గ్రాంటు వచ్చిన చాలామంది డాక్టర్లకి ఎదురయ్యేదే. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది అవి కావు. ఆ అబ్బాయి "చేస్తున్నాను మేడమ్" అంటున్నాడు, డేటా చూపించడం లేదు అన్నారు చూడండి, అది. ముందు దాని సంగతి చూడండి. ఫ్రీజర్ ఫైలు ఇంకో వారం ఆగినా కొంపలేం మునగవు.

ఎందుకంటే, మనం పని చేయించడం నేర్చుకున్నది వార్డులో. రౌండ్స్‌లో నిలబడి పొటాషియం పంపించు, స్కాన్ చేయించు అని నాలుగు మాటలు చెప్తే మధ్యాహ్నానికల్లా అయిపోవాలి, కాకపోతే ఎవరో నిర్లక్ష్యం చేసినట్టే, అప్పుడు గట్టిగా అడుగుతాం, అడగాలి కూడా, అక్కడున్నది మనిషి ప్రాణం. అదే గొంతు ల్యాబులోకి తీసుకెళ్తే చిక్కు వస్తుంది. రక్తంలో ఒక పదార్థం ఎంతుందో కొలిచే ఎలైజా కిట్‌లో స్టాండర్డ్ కర్వ్, అంటే తెలిసిన మోతాదులతో గీసే కొలత గీత, సరిగ్గా కుదరడానికి ఎవరి తప్పూ లేకుండానే వారాలు పడుతుంది. ఎమ్మెస్సీ ముగించి నేరుగా వచ్చిన కుర్రాడు, రెండు ప్లేట్లు వరసగా ఫెయిలయ్యాయి, ఒక్కో కిట్ ధర ఎంతో అతనికి తెలుసు, ఈలోగా పెద్ద డాక్టరమ్మ కారిడార్లో హడావిడిగా నడుస్తూ "రిజల్ట్ ఏమైంది?" అంటే ఏం చెప్తాడు? చేస్తున్నాను మేడమ్ అంటాడు. ఇంకో నాలుగుసార్లు అలాగే అడిగితే మీకు నచ్చే నంబర్లు తెచ్చి చేతిలో పెట్టినా పెడతాడు. దొంగ డేటా పుట్టేది చాలాసార్లు ఇలాగే. దాని మీద మీ పేరు ఉంటుంది, ఆ నంబర్లు నమ్మి రేపు ఎవరో ఉద్దానంలో నీళ్ళ గురించో, మందుల గురించో నిర్ణయం తీసుకుంటారు.

కాబట్టి ఈ వారమే, అతన్ని మీ గదికి పిలిపించకుండా, అతను పనిచేసే బల్ల దగ్గరికి మీరే వెళ్ళండి. ఫోన్ సీనియర్ రెసిడెంట్ చేతికిచ్చి వెళ్ళండి. రిజల్ట్ అడక్కండి, "ఈ నెలలో ఏవేవి సరిగ్గా రాలేదో అవి చూపించు" అని అడగండి. మొదటిసారి నమ్మడు. మూడోసారికి నమ్ముతాడు. పేజీ నంబర్లు అచ్చువేసిన బౌండు నోట్‌బుక్ ఒకటి ఇచ్చి, ఏ రోజు పని ఆ రోజే పెన్నుతో రాయమనండి. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన తేదీ వేయాలి, వైట్‌నర్ వాడకూడదు. ప్రతి వారం మీరు చదివి సంతకం పెట్టండి, చదవకుండా మాత్రం పెట్టకండి. ప్లేట్ రీడర్ ఇచ్చిన అసలు ఫైలు, ఎక్సెల్‌లోకి ఎక్కించక ముందుది, ఎవరూ మార్చలేని ఫోల్డర్లో ఉండాలి. ఆ ఫోల్డర్ అతని సొంత ల్యాప్‌టాప్‌లో ఉంటే ఇవాళే మార్పించండి. ఇంత చేశాక కూడా నెల దాటినా అసలు ఫైళ్ళు బయటికి రాకపోతే అప్పుడు నోటిమాట వదిలేసి రాతపూర్వకంగా గడువు పెట్టాలి. దాదాపు ప్రతి ప్రాజెక్టు నియామకం కాంట్రాక్టే, అందులో నోటీసు షరతు ఉంటుంది. కానీ మీరు వారానికి ఒక్కసారి కూడా వెళ్ళి కూర్చోకుండా ఆ పని చేస్తే అన్యాయం.

ఇక్కడే మీ టైమ్ సంగతి వస్తుంది. సాయంత్రం ఆరు తర్వాత ల్యాబ్ చూస్తానంటే కుదరదు, ఆ టైముకి మీకు ఓపిక ఉండదు, వాళ్ళేమో మీరొస్తారని నాలుగింటి నుంచి ఎదురుచూసి చిరాకుగా ఉంటారు. మీ ఓపీ లేని రోజు ఒక మధ్యాహ్నం, రెండు నుంచి ఐదు దాకా, ల్యాబుదే. దీన్ని హెచ్‌ఓడీ గారిని "రీసెర్చ్‌కి టైమ్ కావాలి సార్" అని అడిగితే ఎవరైనా కాదంటారు. రోస్టరు రూపంలో అడగండి: గురువారం మధ్యాహ్నం వార్డు కాల్స్ ఫలానా అసిస్టెంట్ ప్రొఫెసర్ చూస్తారు, బదులుగా వాళ్ళ శనివారం మధ్యాహ్నం నేను చూస్తాను అని కాగితం మీద పెట్టి ఆ అసిస్టెంట్ ప్రొఫెసర్ సంతకంతో సహా తీసుకెళ్ళండి. ఇంకో మాట, గ్రాంటుకి అప్లై చేసినప్పుడు మీ ప్రిన్సిపల్ గారో సూపరింటెండెంట్ గారో ప్రాజెక్టుకి కావాల్సిన సౌకర్యాలు కల్పిస్తామని ఒక హామీపత్రం మీద సంతకం పెట్టి ఉంటారు. అది లేకుండా అప్లికేషనే వెళ్ళదు. దాని కాపీ బయటికి తీసి మీ రోస్టరు కాగితానికి జతచేయండి, గొడవ పడాల్సిన పనిలేదు, ఫైల్లో ఉంటే చాలు. అప్పుడప్పుడు గురువారం ఎమర్జెన్సీ డయాలసిస్ వచ్చి పడుతుంది, పేషెంటు దగ్గరికే వెళ్ళండి, కానీ ఆ మధ్యాహ్నాన్ని రద్దు చేయకుండా శుక్రవారానికి మార్చండి.

మానేసిన అమ్మాయికి ఒకసారి ఫోన్ చేయండి. నిలదీయడానికి వద్దు, ఎందుకు వెళ్ళిందో తెలుసుకోవడానికి. నాకు తెలిసినంతలో జేఆర్‌ఎఫ్‌లు మెడికల్ కాలేజీ ప్రాజెక్టులు వదిలేసేది రెండు కారణాల వల్ల, జీతం నెలల తరబడి రాకపోవడం, పీహెచ్‌డీకి దారి కనపడకపోవడం. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కి నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కి (సీనియర్ ఫెలోకి) 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. కాగితం మీద బాగానే ఉంది, కానీ ఇన్‌స్టాల్‌మెంట్ ఆలస్యమైతే శ్రీకాకుళంలోనో వైజాగ్‌లోనో అద్దెకి గది తీసుకున్న పిల్ల ఏం తింటుంది? ఇంటర్వ్యూలోనే నిజం చెప్పేయండి, మీ దగ్గర పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ అవుతుందా, అయితే ఏ యూనివర్సిటీ కింద, ఎవరు గైడ్, అవకపోతే అవదని.

ఆ ఖాళీలో మళ్ళీ ఫ్రెష్‌గా చదువు ముగించిన ఇంకో జేఆర్‌ఎఫ్‌ని తీసుకోవద్దనే నేనంటాను. మీరు ల్యాబులో లేని మిగతా వారమంతా ల్యాబ్‌ని పట్టుకుని నిలబడే మనిషి కావాలి మీకు. ఏ మంచి డయాగ్నస్టిక్ సెంటర్లోనో ఐదారేళ్ళు పనిచేసి, లేబుల్ తప్పయితే ఏమవుతుందో కళ్ళారా చూసిన ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ) చదివిన వాళ్ళు దొరుకుతారు, వాళ్ళు నోట్‌బుక్ రాస్తారు, స్టాక్ చూస్తారు, కోల్డ్ చెయిన్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. పోస్టు మార్చడానికి గ్రాంటిచ్చిన సంస్థ ముందస్తు అనుమతి కావాలి, ఒక పేజీ కారణం రాసి ఈమెయిల్ పెట్టండి, మామూలుగా జీతాల హెడ్ (పద్దు) మొత్తం దాటకపోతే పెద్దగా అభ్యంతరం చెప్పరు. ఆలస్యం చేస్తే ఆ డబ్బు ఖర్చు కాలేదని వచ్చే ఇన్‌స్టాల్‌మెంట్‌లో కోస్తారు. మీ డీఎం (సూపర్ స్పెషాలిటీ) పీజీలతో ఈ పని చేయించుకుందామని మాత్రం అనుకోకండి. వాళ్ళకి థీసిస్‌గా ఒక చిన్న భాగం ఇవ్వండి, అది వాళ్ళదిగా ఉండనివ్వండి.

ఫ్రీజర్ విషయం. ముందు మీ కాలేజీలో ఎంఆర్‌యూ, అంటే ఆరోగ్య పరిశోధన శాఖ డబ్బుతో పెట్టిన మల్టీ డిసిప్లినరీ రీసెర్చ్ యూనిట్ ఉందేమో, మైక్రోబయాలజీలో వీఆర్‌డీఎల్ అనే వైరస్ పరీక్షల ల్యాబ్ ఉందేమో చూడండి. వాళ్ళ దగ్గర ఎలైజా రీడరో సెంట్రిఫ్యూజో ఉంటే మీరు కొనక్కర్లేదు, రీజెంట్లు (పరీక్ష రసాయనాలు) మీవి పెట్టుకుని వాడుకుంటామని రాతపూర్వకంగా ఒప్పుకోండి. కొనాల్సింది ఫ్రీజర్ ఒక్కటే అయితే ఫైలు తేలికవుతుంది. 2025 జూన్‌లో కేంద్రం పరిశోధన సంస్థలకి కొనుగోలు నియమాలు సడలించింది, కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకి, పర్చేజ్ కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకి పెరిగింది. రాష్ట్ర ప్రభుత్వ కాలేజీకి ఇది దానంతటదే వర్తించదు, మీ శాంక్షన్ లెటర్ షరతుల్లో ఏ నియమాలు పాటించాలన్నారో చదివి, ఆ పేరాకి గీత పెట్టి అకౌంట్స్ సెక్షన్‌కి చూపించండి. ఫైలు ఆగిపోయిన చోట చాలాసార్లు ఎవరూ మొండికేసి ఉండరు, ఏ రూలు కింద పెట్టాలో అక్కడున్న సీనియర్ అసిస్టెంట్‌కి తెలియక పక్కన పెట్టారు. మీరే వెళ్ళి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి.

ఫ్రీజర్ వచ్చాక అసలు పని మొదలవుతుంది. 2020లో న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో మైనస్ 80 ఫ్రీజర్ అలారం మోగుతుంటే, శుభ్రం చేయడానికి వచ్చిన కాంట్రాక్టు మనిషి ఆ మోత ఆపుదామని సర్క్యూట్ బ్రేకర్ తిప్పేశాడని, ఇరవై ఏళ్ళకి పైగా సాగిన పరిశోధన నమూనాలు పోయాయని ఆ సంస్థ 2023లో కాంట్రాక్టు కంపెనీ మీద దావా వేసింది. తలుపు మీద నోటీసు అంటించి ఉంది, అయినా జరిగింది. మీ ఊళ్ళో దీనికి తోడు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వైజాగ్‌ని కొట్టింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది, రోజుల తరబడి కరెంటు లేదు. మూడేళ్ళ ప్రాజెక్టులో మూడు అక్టోబర్లు ఉంటాయి. కాబట్టి ఆసుపత్రి జనరేటర్ లైను మీదున్న ప్లగ్గుకే ఫ్రీజర్ పెట్టించండి, ఐసీయూ లైను ఎటు పోతుందో ఎలక్ట్రీషియన్‌కి తెలుసు, అతన్ని మంచి చేసుకోండి. ప్రతి నమూనాని చిన్న చిన్న ట్యూబుల్లో పంచి సగం మీ దగ్గర, సగం ఇంకో ఊళ్ళోని ఫ్రీజర్లో ఉంచండి. ఇలా పంచితే ఇంకో లాభం, ఒక పరీక్ష కోసం మొత్తం కరిగించి మళ్ళీ గడ్డకట్టించాల్సిన అవసరం ఉండదు. రాత్రి అలారం వస్తే ఫోన్ ఎవరికి వెళ్ళాలి, వాళ్ళు ఎత్తకపోతే ఎవరికి, ఇది తెలుగులో రాసి తలుపుకి అంటించండి, హౌస్‌కీపింగ్ వాళ్ళకి, వాచ్‌మన్‌కి నోటితో చెప్పండి.

మీరు పరిశోధించే జబ్బుకే సంబంధించిన ఒక విషయం, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష. మీ ఆసుపత్రి ల్యాబులో రీజెంట్లు టెండరు మీద వస్తాయి, టెండరు మారితే కంపెనీ మారుతుంది, దాన్ని కొలిచే జాఫే పద్ధతి నుంచి ఎంజైమాటిక్ పద్ధతికి మారినా మీకెవరూ చెప్పరు. రెండో ఏడాది ఉన్నట్టుండి ఊరంతా కిడ్నీలు బాగుపడినట్టు కనిపిస్తే అది రీజెంటు మహిమే కావచ్చు. అన్ని నమూనాల క్రియాటినిన్ ఒకే పద్ధతిలో, బ్యాచ్‌లుగా, ప్రతి బ్యాచ్‌లో కొన్ని పాత నమూనాలు కలిపి చేయించండి. అలాగే ఒక్క పరీక్షతో సీకేడీ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) అని రాయలేం, మూడు నెలల తర్వాత మళ్ళీ చూడాలి, అంటే మీ ఫీల్డ్ వాళ్ళు అదే మనిషి దగ్గరికి రెండోసారి వెళ్ళాలి, ఆ మనిషి వలసకో చేపలవేటకో వెళ్ళిపోయి ఉండొచ్చు, దానికి టైమూ పెట్రోలు డబ్బూ ముందే లెక్కేయాలి. మన ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారు 1956లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్డా లోయలో గాయిటర్ (గొంతు దగ్గర వాపు) అధ్యయనం మొదలుపెట్టినప్పుడు లోయని మూడు భాగాలు చేసి రెండింటికి అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. ఏ ఉప్పు ఎక్కడికి వెళ్ళాలో ఏళ్ళ తరబడి అక్కడికే చేరింది కాబట్టి ఆ ఫలితానికి విలువ వచ్చింది. మీ ప్రాజెక్టులో ఆ పని చేసేది ఐస్ బాక్సు పట్టుకుని తిరిగే ఫీల్డ్ వర్కర్. అతని పేరు పేపర్ చివర కృతజ్ఞతల్లో రావాలి.

డబ్బు గురించి క్లుప్తంగా. ఏప్రిల్ మొదటి వారంలోనే ఖర్చుల స్టేట్‌మెంట్, యూసీ (డబ్బు దేనికి వాడారో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్) తయారు చేయించండి, ఆడిట్ అయిన యూసీ వెళ్ళకపోతే తర్వాతి ఇన్‌స్టాల్‌మెంట్ రాదు, అది రాకపోతే జీతాలు ఆగుతాయి, జీతాలు ఆగితే మళ్ళీ మనుషులు వెళ్ళిపోతారు. ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కి అనుమతి లేకుండా మార్చకండి. గ్రాంటు ఖాతాలో పడిన వడ్డీ మీది కాదు, వెనక్కి కట్టాలి.

హెచ్‌ఓడీ గారి పేరు సంగతి ఇప్పుడే తేల్చుకోండి, పేపర్ రాశాక చాలా కష్టం. మెడికల్ జర్నల్స్ పాటించే ఐసీఎంజేఈ (మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నియమాల ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే నాలుగూ ఉండాలి: అధ్యయనం ఆలోచనలోనో డేటాలోనో నిజమైన పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో భాగం, ఆఖరి ప్రతికి ఆమోదం, తప్పొస్తే జవాబుదారీ. డిపార్ట్‌మెంట్ హెడ్ కావడం అందులో లేదు. కానీ ఆయన్ని ఎదిరించమని చెప్పను, ఆయనకి నిజంగా ఒక పని ఇవ్వండి. ఓపీలో పేషెంట్లని చేర్చుకునే ప్రమాణాలు ఆయన్నే చూడమనండి, ప్రతి మూడు నెలలకి డేటా మీద ఒక గంట కూర్చోమనండి, డ్రాఫ్ట్ దిద్దమనండి. చేస్తే పేరుకి అర్హులే. చేయకపోతే, ఏ పేపర్‌కి ఎవరు ఏం చేస్తే రచయితలో ముందే అందరూ సంతకం పెట్టిన ఒక పేజీ మీ చేతిలో ఉంటుంది, కృతజ్ఞతల్లో ఆయన పేరు గౌరవంగా రాయొచ్చు. బల్ల దగ్గర పని చేసిన పిల్లవాడి పేరు మొదట ఉండాలి, దాన్ని ఎవరి కోసమూ కిందకి జరపకండి.

ఇంకొకటి మీరు అడగలేదు, అయినా చెప్తాను. కవిటి, సోంపేట, కంచిలి వైపు వాళ్ళు మీకు రక్తం ఇచ్చేది డాక్టరమ్మ అడిగారు కాబట్టి, వైద్యం అనుకుని. కన్సెంట్ కాగితం వాళ్ళ మాటల్లో ఉండాలి, ఇచ్ఛాపురం వైపు ఒడియాలో కూడా ఉండాలి, నమూనా దాచుకుని తర్వాత వేరే పరీక్షలకి వాడతామంటే దానికి విడిగా అడగాలి. ఎవరికైనా క్రియాటినిన్ 5 దాటి వస్తే, అంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నట్టు కనిపిస్తే, ఆ కాగితం పేపర్ అచ్చయ్యేదాకా మీ ఫోల్డర్లో ఉండకూడదు. ఎన్ని రోజుల్లో ఎవరు ఆ ఇంటికి వెళ్ళి చెప్పాలి, ఏ రోజు మీ ఓపీకి తీసుకురావాలి అన్నది ఎస్‌ఓపీలో (పని ఎలా చేయాలో రాసుకునే కాగితంలో) రాసి ఎథిక్స్ కమిటీకి పంపండి. వచ్చే గురువారం ఆ అబ్బాయితో కూర్చున్నప్పుడు పైలట్ నమూనాల్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో ముందుగా అదే చూడండి.